సిర్పూర్ ఇటుకలు

ఫిబ్రవరి 3, శనివారం

నోరు మూసుకుని ఇవాళ్టికి మూడో రోజు.

పద్నాలుగో తేదీ దాకా ఒక్క మాట కూడా వద్దన్నారు డాక్టరుగారు. గుసగుసలాడినా తప్పేనట. స్వరపేటిక మీద మెంతిగింజంత కాయ. ఇరవై నాలుగేళ్లు ఆరూ ఏడూ ఎనిమిదీ తరగతుల పిల్లల మీద అరిచి సంపాదించుకున్నది. తీసేశారు. గొంతు మునుపటిలా వస్తుందా అని పలక మీద రాసి అడిగితే, "చూద్దాం మేడమ్" అన్నారు. ఆ 'చూద్దాం' గురించి ఇక్కడ రాయను.

పలక మావారే కొనుక్కొచ్చారు. హైదరాబాదు నుంచి మా అబ్బాయి రవికాంత్, "ఫోన్లో టైప్ చేయొచ్చు కదమ్మా" అన్నాడు. పలకే బాగుంది. విసురుగా రాయొచ్చు, విసురుగా చెరపొచ్చు.

అసలు దిగులు పదకొండో తేదీ ప్రయాణం, రాయపూర్ అవతల సిర్పూర్‌లో పాత గుడి చూడ్డానికి. బండి మాట్లాడి నెలయింది. గుడి కథ నేను చెబుతానంటేనే మహిళా సమితి వాళ్లు వస్తామన్నారు. గొంతే లేని మనిషి ఏం చెబుతుంది? మానేయాల్సిందే.

ఫిబ్రవరి 4, ఆదివారం

హెడ్‌మిస్ట్రెస్ ఈయనకి ఫోన్ చేసింది. ఈయన "జీ, జీ" అని విని పెట్టేశారు. ఏమందని సైగ చేశాను.

"కొ... కొత్త సెషన్ నుంచి..." అని ఆగారు.

మాట ఎక్కడో చిక్కుకుంది. ఆయనకి చిన్నప్పట్నుంచీ నత్తి. నేను పలక మీద 'సెలవా?' అని రాసి చూపించాను. తల అడ్డంగా ఊపారు. చెరిపి 'జీతమా?' అని రాశాను. కాదన్నారు. 'బదిలీ?' 'టెంపరరీ టీచరా?' సుద్దముక్క విరిగింది.

"...లైబ్రరీ," అన్నారు చివరికి. "నిన్ను లైబ్రరీ చూసుకోమంటారేమోనట."

అప్పటికి పలక మీద నాలుగు ఊహలు రాసేశాను. ఒక్కటీ సరిపోలేదు.

లైబ్రరీ మంచిదే. నాకేం బాధ లేదు. మూడు బీరువాలు, ఒక కుర్చీ, ఎప్పుడూ తాళం.

ఫిబ్రవరి 5, సోమవారం

ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే కుక్కర్ కూత వింటే చుట్టం వచ్చినట్టుంది.

పెళ్లయి ఇరవై తొమ్మిదేళ్లు. విజయనగరం నుంచి ఈ ఉక్కు ప్లాంటు ఊరికి వచ్చిన కొత్తలో సెక్టర్ ఆరు క్వార్టర్‌లో ఉండేవాళ్లం. ఈయన రాత్రి షిఫ్టు దిగి సైకిల్ మీద వచ్చి, ఏమన్నా అడిగితే తలూపి పడుకునేవారు. అప్పుడే నిర్ణయించుకున్నాను, ఈ మనిషి ఎక్కడా చిన్నబోకుండా చూడాలని. బ్యాంకులో, ఆసుపత్రిలో, రవి స్కూల్లో, మావాళ్ల పెళ్లిళ్లలో ఆయన నోరు తెరిచేలోపు నేనే చెప్పేసేదాన్ని. రిటైర్మెంటు రోజున కూడా అంతే. స్టేజీ మీద మైకు ఇస్తే ఆయన రెండు క్షణాలు నిలబడిపోయారు. నేను లేచి వెళ్లి అందుకుని, ముప్పై నాలుగేళ్ల సర్వీసు గురించి అనర్గళంగా మాట్లాడాను. ఎన్ని చప్పట్లు! జనరల్ మేనేజర్ కూడా మెచ్చుకున్నారు.

ఇప్పుడు ఆయన సంగతి ఎవరు చూస్తారు? అదీ నా బెంగ. నా గొంతు గురించి కాదు.

ఫిబ్రవరి 6, మంగళవారం

ఇవాళ ఎవరితోనూ మాట్లాడలేదు. (పెద్ద కొత్త విషయం!)

ఫిబ్రవరి 8, గురువారం

తులసమ్మగారు వచ్చారు! మా సమితి మెంబరు, డెబ్భై నాలుగేళ్ల మనిషి, సెక్టర్ ఆరు నుంచి ఆటోలో, నా కోసం కాదు, సిర్పూర్ కోసం. ప్రయాణం మానేద్దామని నిన్న పక్కింటి భాగ్యరేఖ చేత అందరికీ మెసేజ్ పెట్టించాను, దాని మీద యుద్ధానికి.

"ఏటే సత్తెలక్ష్మీ, మానీడవేటి? నీ నోరు కట్టీసినారు గానీ కాళ్లు కట్టీనేదు కదా! యాబై ఏళ్లయింది నానీ ఊరొచ్చి. ప్లాంటు పొగ తప్ప ఏటీ చూణ్నేదు. ఈసారి ఎల్లకపోతే ఇంకెప్పుడెల్తాను?"

నేను పలక తీశాను. ఆవిడకి చదువు రాదు. నేను రాస్తే ఆవిడ నా మొహం చూస్తుంది. చివరికి భాగ్యరేఖని పిలిచాను.

భాగ్యరేఖ ఇక్కడే పుట్టిన పిల్ల, మాటలో సగం హిందీ. "దీదీ, టెన్షన్ ఎందుకు? మీరు రాసివ్వండి, నేను చదివేస్తాను నా!" అంది.

అంతే, నాలో ఏదో వెలిగింది. ఇరవై నాలుగేళ్లుగా పాఠం చెబుతున్నాను. దక్షిణ కోసల రాజధాని శ్రీపురం, అదే ఇప్పటి సిర్పూర్, మహానది ఒడ్డు, ఇటుకల లక్ష్మణ మందిరం. పుస్తకంలో తపాలా బిళ్లంత నల్లటి ఫోటో. ఇక్కడికి నూరు కిలోమీటర్ల పైచిలుకు. ఒక్కసారి కూడా వెళ్లలేదు. పిల్లల్ని మాత్రం "చూసి తీరాలి" అని దబాయించాను.

నాలుగు కాగితాలు రాశాను. తెలుగులోనే, తులసమ్మగారి కోసం. రాణి వాసట, ఆమె భర్త హర్షగుప్తుడు, ఆమె కొడుకు. పోయిన భర్త జ్ఞాపకంగా ఆమె కట్టించిన గుడి. అరచేతికి సుద్ద, వేళ్లకి సిరా. ఎంత సంతోషంగా ఉందో!

ఫిబ్రవరి 10, శనివారం

పులిహోర కలిపాను. గారెలు రేపు పొద్దున. భాగ్యరేఖ పూరీలు తెస్తానంది. పదకొండు మంది ఆడవాళ్లం. బండి నడిపే అతని పేరు గిరీష్, రాయపూర్ అబ్బాయి.

సాయంత్రం ఈయన బూట్లు తుడుచుకుంటున్నారు. ఎక్కడికని చేత్తో అడిగాను.

"నే... నేనూ వస్తాను."

పలక మీద 'అందరూ ఆడవాళ్లే' అని రాశాను. 'మీకు ఇబ్బంది' అని కింద గీత గీశాను.

చదివారు. నవ్వారు. రెండో బూటు అందుకున్నారు.

ఆయన్ని ఎవరైనా ఏదైనా అడిగితే? భాగ్యరేఖకి చెప్పి ఉంచాలి, చూసుకోమని.

ఫిబ్రవరి 11, ఆదివారం

ఏడు గంటలవుతోంది. కాళ్లు పీకుతున్నాయి. అన్నం ఆయన వండుతున్నారు. ఇప్పుడు రాయకపోతే రేపటికి నేను దీన్ని వేరేగా మార్చేసుకుంటాను. అందుకని ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

పొద్దున్న ఆరింటికి బయల్దేరాం. రిసాలి దాటేసరికే గారెల డబ్బా తెరిచారు. రాయపూర్ బైపాస్ మీద అంత్యాక్షరి. నేను చప్పట్ల డిపార్ట్‌మెంటు. ఆరంగ్ దాటాక మహానది వంతెన! ఇసకే ఇసక, మధ్యలో నీలంగా రెండు పాయలు. తులసమ్మగారు కిటికీలోంచి రూపాయి విసిరి, "తల్లీ, తిరిగొచ్చినప్పుడు కూడా కనిపించు" అన్నారు. అక్కణ్నించి ఎడమకి తిరిగాక అడవి. విప్పచెట్లు, టేకులు. నా గుండె పరీక్ష హాల్లో పిల్లదానిలా కొట్టుకుంది.

సిర్పూర్ చిన్న ఊరు. నాలుగు టీ కొట్లు, సైకిళ్ల మీద పిల్లలు, పేడ కళ్లాపి చల్లిన వాకిళ్లు. ఇదా రాజధాని అనుకునేలోపు చెట్ల వెనక నుంచి కనబడింది గుడి.

ఎర్రగా. ఫోటోలో నల్లటిది. ఇరవై నాలుగేళ్లుగా నేను దాన్ని నల్లగానే ఊహించుకున్నాను! పొద్దుటి ఎండలో కాల్చిన కుండలా ఎర్రగా, పచ్చగడ్డి మధ్య రాతి అరుగు మీద. నోట్లోంచి కేక రాబోయింది. కొంగు కుక్కుకున్నాను.

భాగ్యరేఖ నా కాగితాలు తీసి మొదలుపెట్టింది. పాపం, తెలుగు కూడబలుక్కుని చదువుతుంది. 'రాణి వాసట' వచ్చేసరికి "రాణి వంటా..." అంది. "రాణీ కూడా వంట చేసిందా!" అని వెనక నుంచి ఎవరో అనేసరికి అందరూ గొల్లున నవ్వారు. భాగ్యరేఖ కూడా. నాకు మాత్రం నవ్వు రాలేదు. నా నాలుగు కాగితాలు!

తులసమ్మగారు కాగితాలు లాక్కుని ఈయన చేతిలో పెట్టారు. "సెంకరం, నువ్వు సదువు. నీకొచ్చు కదా."

నా ప్రాణం పోయింది. కాగితాల కోసం చెయ్యి చాపాను. ఆయన అందకుండా పక్కకి తీసుకున్నారు.

"ఒ... ఒకప్పుడు ఈ ఊరి పేరు శ్..."

'శ్రీపురం' దగ్గర ఆగిపోయారు. పెదవులు బిగిశాయి, మెడ నరం లేచింది. నాకు తెలుసు ఆ నరం. అందరూ చూస్తున్నారు. ఒకటి, రెండు, మూడు... లోపల లెక్కపెడుతున్నాను. నా నోరు దానంతటదే తెరుచుకుంది. మాట గొంతు దాకా వచ్చేసింది. డాక్టరూ గుర్తు లేడు, ఆపరేషనూ గుర్తు లేదు. ఆ ఒక్క మాట అనేస్తే చాలు, ఆయన గట్టెక్కుతారు.

ఆయన నా వైపు తిరిగి అరచెయ్యి చూపించారు.

"ఆగు."

ఎక్కడా తడబడలేదు. కోపమూ లేదు. ట్రాఫిక్ పోలీసు చెప్పినట్టు.

ఆగాను.

కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నారు. మెట్లెక్కి గోడ దగ్గరికి వెళ్లారు. బొటనవేలి గోరుతో రెండు ఇటుకల మధ్య గీత వెంబడి తడిమారు. చెవి దగ్గర పెట్టి వేలి కణుపుతో మెల్లగా తట్టారు. ఆ పని చేస్తున్న ఆయన్ని నేను ఎన్నడూ చూడలేదు. ఇంట్లో ఆయన ఏ గోడనీ తట్టలేదు.

"ముప్పై నాలుగేళ్లు నేను ఇ... ఇటుకలే పేర్చాను," అన్నారు. "లాడిల్ అని ఉంటాది ప్లాంట్లో. కరిగిన ఉక్కు పోసే పెద్ద బా... బాల్చీ. దాని లోపల ఇటుక మా గ్యాంగే పేర్చేది. ఇటుకకీ ఇటుకకీ మధ్య సందు వెంట్రుకంత ఎక్కువైనా, ఉక్కు ఆ స... సందులోంచి బయటికొచ్చేస్తాది. కింద మనుషులుంటారు."

ఎవరూ నవ్వలేదు. ఎవరూ దిక్కులు చూడలేదు. ఆయన ఆగినప్పుడల్లా వాళ్లు కూడా ఊరికే ఆగారు. అంతే. గారె తింటున్న మనిషి గారె తింటూ ఆగింది.

"ఇక్కడ చూడండి. మధ్యన అతికే మసాలా కనబడతందా? కనబడదు. ఇటుకని ఇటుకతో రు... రుద్ది, అరగదీసి కూర్చోబెట్టినట్టున్నారు. మాకు కొలిచి చూడ్డానికి గేజు ఉండేది. వీళ్లకేటున్నాది? వేలు." ఒక పువ్వు చెక్కడం మీద వేలు పెట్టారు. "ఈ గీత చూడండి. ఈ ఇటుకలోంచి ఆ ఇటుకలోకి తె... తెగకుండా పోయింది. ముందు పేర్చి, తరవాత చెక్కుంటారు. చెయ్యి జారితే గోడ మొత్తం పాడు. ఏ మేస్త్రో గానీ..." అని చాలాసేపు ఆగారు. మాట దొరక్క కాదు. నాకు తేడా తెలిసింది. "...మొనగాడు."

బండి గిరీష్ ముందుకొచ్చాడు. "అంకల్‌జీ, వాన పడితే కరగలేదా ఇన్నేళ్లు?" అని హిందీలో అడిగాడు. ఆయన హిందీలోనే, అంతే తీరిగ్గా, ఆగి ఆగి, కాల్పు సరిగ్గా ఉంటే ఇటుక ఎలా రాయవుతుందో చెప్పారు. నాగపూర్ నుంచి వచ్చిన ఒక కుటుంబం మాతో కలిసింది. కాసేపటికి ఇరవై మంది అయ్యాం. పాముపడగ నీడలో పడుకున్న విష్ణువు ఉన్న రాతి గుమ్మం దగ్గర మాత్రం, "ఇది రా... రాయి. రాయి నాకు తెలీదు. సత్య రాసింది చదువుతాను" అని నా కాగితం తీశారు. వాసట గురించి మొత్తం చదివారు. 'శ్రీపురం' రెండోసారి ఒక్క దెబ్బకి వచ్చింది.

తులసమ్మగారు గోడకి చెంప ఆనించి, "సల్లగున్నాది" అన్నారు.

ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. ఎగిరి గంతేయాలనిపించింది. సురంగ్ టీలా అని అక్కడే ఇంకో గుడి, దాని మెట్లు నిటారుగా, ఒంకరటింకరగా ఉంటాయి, ఆపకుండా ఎక్కేశాను. పైనుంచి చూస్తే ఊరు, పొలాలు, దూరంగా నది గీత. భాగ్యరేఖ రొప్పుతూ వచ్చి, "దీదీ, అంకుల్ ఇంత బాగా చెప్తారని మీరెప్పుడూ చెప్పలేదు!" అంది.

ఎగరడం అక్కడ ఆగింది.

భోజనాలు మహానది ఒడ్డున, గంధేశ్వరుడి గుడి మెట్ల మీద. అందరూ నీళ్లలోకి దిగాక నేను పలక మీద రాశాను. 'ఇదంతా నాకెప్పుడూ ఎందుకు చెప్పలేదు?'

ఆయన పులిహోర ముద్ద మింగి, నది వైపు చూస్తూ అన్నారు. "నువ్వు ఆ... ఆగవు కదా."

ఎత్తిపొడుపు లేదు. వాన పడుతోంది అన్నట్టు అన్నారు. తరవాత నా ఆకులో గారె వేశారు.

ఫిబ్రవరి 12, సోమవారం

నేను చేసింది సాయమే.

ఆయన అవస్థ చూడలేక చేశాను. బ్యాంకులో వెనక క్యూ ఉంటుంది. ఆసుపత్రిలో టైము ఉండదు. ఎవరైనా అదే చేస్తారు.

సాయమే.

ఫిబ్రవరి 13, మంగళవారం

తులసమ్మగారు ఈయనకే ఫోన్ చేశారు. మళ్లీ ఎప్పుడు, ఈసారి రాజిమ్ వెళ్దామా అని. ఈయన పది నిమిషాలు మాట్లాడారు. నేను వంటింట్లో మెంతికూర వలుస్తూ విన్నాను. ఆయన ఆగినచోటల్లా నా చెయ్యి ఆగింది.

తరవాత వెళ్లి ఎదురుగా కూర్చున్నాను. పలక మీద రాసి చెరిపి, రాసి చెరిపి, చివరికి, 'రిటైర్మెంటు రోజు' అని మాత్రం రాసి చూపించాను.

ఆయన చాలాసేపు పలక చూశారు. నేను ఏమీ రాయలేదు. సుద్దముక్క బల్ల మీద పెట్టేశాను.

"నాలుగు మాటలు అ... అనుకున్నాను," అన్నారు. "వారం రోజులు డా... డాబా మీద ప్రాక్టీసు చేశాను. మా గ్యాంగులో దుర్గయ్య అని ఉండేవాడు. లాడిల్ దగ్గర కాలిపోయాడు. ఎనభై తొమ్మిదిలో. అతని పేరు మైకులో ఒక్కసారి చెప్పాలనుకున్నాను. వాళ్లబ్బాయి వచ్చాడు ఆరోజు. ముందు వరసలో కూర్చున్నాడు."

నేను ఆరోజు ఏం మాట్లాడానో నాకు జ్ఞాపకం ఉంది. ఆయన ఓర్పు గురించి, మితభాషి కావడం గురించి. చప్పట్లు కూడా జ్ఞాపకం.

ఏడిస్తే గొంతుకి మంచిది కాదు. అందుకని చప్పుడు లేకుండా ఏడ్చాను. ఆయన లేచి వచ్చి పక్కన కూర్చున్నారు. "నువ్వు లేకపోతే బ్యాం... బ్యాంకులో నాకు పాసుబుక్కు కూడా వచ్చేది కాదు, సత్యా. అది కూడా ని... నిజమే" అన్నారు.

పలక మీద 'దుర్గయ్యగారబ్బాయి ఎక్కడ ఉంటాడు?' అని రాశాను.

"చరోదాలో."

'వెళ్దాం. మీరు చెప్పండి. నేను కూర్చుంటాను.'

ఆయన పలక తీసుకుని, 'మీరు చెప్పండి' కింద తనే ఒక గీత గీశారు.

ఫిబ్రవరి 14, బుధవారం

డాక్టరు కెమెరా పెట్టి చూశారు. మానిందట! "ఏదీ, 'ఆ' అనండి" అన్నారు. అన్నాను. వచ్చింది! గరుకుగా, ఎవరిదో మగగొంతులా, కానీ వచ్చింది! గదిలోంచి దూకుతూ బయటికొచ్చాను.

గంటకి ఐదు నిమిషాలకు మించి మాట్లాడకూడదు. అరుపులు జన్మలో వద్దు. క్లాసుకి మెడలో తగిలించుకునే చిన్న మైకు పెట్టుకోమన్నారు. జూన్‌లో మళ్లీ చూసి రాసిస్తారట. ఆ కాగితం తెస్తే లైబ్రరీ సంగతి అప్పుడు చూద్దామంది హెడ్‌మిస్ట్రెస్. 'చూద్దాం' అనే మాట ఇవాళ అంత చేదుగా లేదు. నేర్చుకోవాలి, అరవకుండా చెప్పడం. పిల్లలు చెప్పేదాకా ఆగడం కూడా. ఎంతమంది పిల్లల జవాబులు నేను మింగేశానో!

ఫిబ్రవరి 15, గురువారం

దుర్గయ్యగారబ్బాయి ఆదివారం రమ్మన్నాడు. ఈయనే ఫోన్ చేసి మాట్లాడారు.

మధ్యాహ్నం నాలుగింటికి బొబ్బిలి నుంచి అప్పలనర్సమ్మ వదిన ఫోన్. ఈయన అక్కగారు. ఎప్పుడూ ఈయన 'హలో' అనగానే, "సత్తెకియ్యరా" అంటుంది. ఇవాళా అదే. "దాని నోరొచ్చీసిందట కదా, ఇయ్యి దానికి. నీతో ఏటి మాటాడతాను?"

నేను చెయ్యి చాపాను. అలవాటు.

"ఇ... ఇస్తానప్పా," అన్నారు ఈయన. "ముందు నా మాట విను. సి... సిర్పూర్ అని ఒక ఊరు ఎల్లాం."

చెయ్యి వెనక్కి తీసుకుని టీ పెట్టాను. కప్పు ఆయన పక్కన పెట్టి వచ్చి ఇది రాస్తున్నాను. బండి, వంతెన, అడవి, ఎర్రటి గోడ అన్నీ అయ్యాయి. మధ్యలో వదిన "ఊఁ, తరవాత?" అనడం రెండుసార్లు వినిపించింది. నాలుగూ ఇరవై అయింది. ఆయన ఇంకా గుడి గుమ్మం దగ్గరే ఉన్నారు. నా ఐదు నిమిషాలూ అలాగే ఉన్నాయి.